బాతు పెట్టెకి చెప్పిన మాట

కాల్యుమెట్, మిషిగన్
జనవరి 18

ఒరేయ్ ఆర్వో,

కవరు చూడగానే ఎవరో పోయారనుకుని కంగారుపడకు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఇంటి కప్పు మీద మంచు నిన్ననే మూడోసారి తోయించాం.

నీతో పని పడింది. ఫోన్ చేద్దామంటే అది వంటింట్లో ఉంది, రోజంతా మీ బావ కూడా వంటింట్లోనే ఉంటాడు. నీ పేరు వినబడితే చాలు, కాఫీ కప్పు పట్టుకుని గరాజ్‌లోకి వెళ్ళిపోతాడు. గరాజ్‌లో సున్నాకి ఇరవై డిగ్రీలు కింద ఉంటుంది. ముసలి మొగుణ్ణి గడ్డ కట్టించానన్న పేరు నాకెందుకు? అందుకే ఉత్తరం.

మన ఊరి బడిలో పాత కంప్యూటర్లు అమ్మేస్తుంటే ఒకటి తెచ్చుకున్నాను. బేస్‌మెంట్‌లో నాన్న రికార్డులు, మీ ఇద్దరి బ్యాండు టేపులు, అన్నీ కలిపి నూటికి పైగా ఉన్నాయి. గోడకి చెమ్మ వచ్చి అట్టలు బూజు పడుతున్నాయి. వాటన్నిటినీ ఈ కంప్యూటర్లోకి ఎక్కించి, దాన్ని వంటింటి గట్టు మీద పెట్టి, ఒక మీట నొక్కితే పాట రావాలి. మనం చిన్నప్పుడు బారు బయట నిలబడి వినేవాళ్ళం చూడు, నాన్న లోపల నాణెం వేస్తే పాడే జూక్‌బాక్స్, అలాగన్నమాట. నలభై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో వైర్లతో కాపురం చేసినవాడివి. నీకిదొక లెక్కా?

చెమ్మ అన్నది నిజమే గాని అసలు సంగతి అది కాదురా. ఈ ఇల్లు మూగదైపోయింది. తొమ్మిదేళ్ళ కిందట నడివేసవి యుహన్నుస్ పండుగ నాడు, హాలు నిండా జనం నాట్యం చేస్తుండగా, నాన్న కట్టిన వాల్ట్జ్ పాట మధ్యలో మీ బావ అకార్డియన్ ఆపేసి, "వీడు గుర్రంలా పరిగెడుతున్నాడు, నేను వాయించను" అని మైకులో అనడం, నువ్వు ఫిడేలు సర్దుకుని వెళ్ళిపోవడం, అంతే. ఆ అకార్డియన్ ఆ రోజే మంచం కిందికి వెళ్ళింది. రేడియోలో పోల్కా పాట వచ్చినా ఆపేస్తాడు. పెళ్ళికి ముందు నుంచీ పాటల మధ్య బతికినదాన్ని. ఇప్పుడు గడియారం టిక్కుటిక్కుమంటే అదే సంగీతం అనుకోవాల్సి వస్తోంది.

ఎలా చెయ్యాలో అక్షరం పొల్లు పోకుండా రాసి పంపు. ఇంటికి కాదు. చర్చి బొంతల సంఘం పోస్టు పెట్టెకి పంపు. దాని తాళంచెవి నా దగ్గరే ఉంది.

మీ అక్క
వెర్నా


డులూత్, మిన్నెసోటా
ఫిబ్రవరి 1

అక్కా,

బొంతల సంఘం పేరుతో దొంగ ఉత్తరాలు నడిపే కాలం వచ్చిందన్నమాట. పాస్టరుగారికి తెలిస్తే నీ సూది లాక్కుంటారు.

బావ ఎలా ఉన్నాడని నేను అడగడం లేదు. ఒక్క మాట చెప్పనీ. ఆ రోజు నేను పరిగెత్తలేదు. నాన్న కాలితో తాళం వేసి నేర్పిన పాట అది. నిద్రలో లేపి అడిగినా అదే నడకలో వాయిస్తాను. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. బావ బతుకు కోరేవాడంటారు. నా బావ ఊరందరి ముందు నా పరువు కోరాడు. సరే పోనీ. నాకేం లోటు లేదు, ఇక్కడ ప్రతి శనివారం నలుగురితో కలిసి వాయిస్తూనే ఉన్నాను.

పనిలోకి వద్దాం. ఈ కవర్లో పెన్ డ్రైవ్ పెట్టాను. అందులో కంప్యూటర్ని నడిపించే లినక్స్ ఉంది. నీ కంప్యూటర్లో ఇప్పుడున్నది ముసలిదైపోయింది, దాన్ని తీసేసి ఇది పెట్టాలి. డబ్బు కట్టక్కర్లేదు, పదేళ్ళ కిందటి యంత్రం మీద కూడా పరిగెడుతుంది. దాని గుర్తు పెంగ్విన్ బొమ్మ.

వేరే కాగితం మీద పన్నెండు మెట్లు రాశాను. రాసింది రాసినట్టు కొట్టు, నీ తెలివి కలపకు. నేను సున్నాకి అడ్డగీత గీస్తాను, అది ఎక్స్ఛేంజీ అలవాటు. కాబట్టి అడ్డగీత ఉంటే సున్నా, లేకపోతే 'ఓ' అక్షరం. తొమ్మిదో మెట్టులో శబ్దం ఎటునుంచి తీసుకోవాలో కంప్యూటరుకి చెప్తాం. అక్కడ సున్నా నంబరు వెయ్యి. రికార్డు ప్లేయరు నుంచి, టేపు రికార్డరు నుంచి వచ్చే వైరు కంప్యూటరు వెనకాల నీలం చిల్లులో గుచ్చు. రికార్డింగ్ మొదలుపెట్టాక తెర మీద ఆకుపచ్చ గీతలు పైకీ కిందికీ ఆడితే పాట లోపలికి వెళ్తున్నట్టు. స్పీకర్లు ఆపక్కర్లేదు, వింటూ వంట చేసుకో.

అన్నీ ఎక్కించు గాని ఆ యుహన్నుస్ పండుగ టేపు మాత్రం వద్దు. బూజు పడితే పడనీ.

ఈ సంగతి ఎవరికీ చెప్పకు. నీ నోట్లో నువ్వుగింజ నానదు, అయినా అడుగుతున్నాను.

ఆర్వో


కాల్యుమెట్
ఫిబ్రవరి 19

ఒరేయ్ తమ్ముడూ,

పాడుతోందిరా! మన పెట్టె పాడుతోంది!

పన్నెండు మెట్లూ ఎక్కాను. నాలుగో మెట్టు దగ్గర తెర అంతా నల్లబడి తెల్లటి అక్షరాలు వానలా కురిశాయి. చచ్చాం, పాడైపోయిందని చేతులు వెనక్కి తీసేసుకున్నాను. మీ బావ కాఫీ పట్టుకుని వెనకాలే నిలబడి చదువుతున్నాడు. వరసగా ప్రతి గీతకీ ముందు ఓకే, ఓకే, ఓకే అని ఉంది.

"దీన్ని ఉంచుదాం వెర్నా. యాభై ఏళ్ళలో ఈ ఇంట్లో నా మాటకి ఇన్ని ఓకేలు ఎవరూ చెప్పలేదు," అన్నాడు.

తర్వాత పెంగ్విన్ బొమ్మ వచ్చింది. "ఈ బాతెవరు?" అన్నాడు. బాతు కాదయ్యా పెంగ్విన్ అంటే, "నడిచేది చూస్తే బాతే," అన్నాడు. అప్పటి నుంచి మన జూక్‌బాక్స్ పేరు బాతు పెట్టె. ఇది మొదట చేసినవాడు మన తాతల దేశంవాడని చెప్పాను. "ఫిన్లాండ్ వాడా? అయితే చెడిపోదులే. చెడిపోయినా చెప్పదు," అన్నాడు.

ఎవరు నేర్పారని అడిగాడు. బొంతల సంఘంలో ఒకావిడ అల్లుడు అన్నాను. అబద్ధమే, దేవుడు క్షమిస్తాడు. నీ కాగితాలు, ఉత్తరాలు ఏలకుల డబ్బాలో, ఏలకుల కింద దాచాను. ఏలకులు వేసి రొట్టె చేసేది నేనే కాబట్టి ఆ డబ్బా జోలికి ఎవరూ రారు.

తెర పైన మనవరాలు టెస్సా ఇచ్చిన చిన్న కెమెరా కూడా తగిలించాను, ఆదివారాలు దాని మొహం చూడొచ్చని. దాన్ని కూడా ఈ లినక్స్ ఏ పేచీ లేకుండా గుర్తుపట్టింది. రోజుకి ఒక రికార్డు ఎక్కిస్తున్నాను. గీతలు చక్కగా ఆడుతున్నాయి. బుధవారాలు మాత్రం పొడుగు టేపు ఒకటి పెట్టి, అన్నీ నొక్కేసి, బొంతలకి వెళ్ళిపోతాను. వచ్చేసరికి అది తన పని తాను చేసుకుని ఉంటుంది.

మీ బావ పాట మొదలవగానే గరాజ్‌లోకి పోతున్నాడు. కానీ తలుపు పూర్తిగా వెయ్యడం లేదు. ఆ సందులోంచి ఎంత చలి వస్తోందో! నేనేమీ అనడం లేదు.

వెర్నా


డులూత్
మార్చి 3

అక్కా,

శభాష్. నలభై ఏళ్ళలో నాకింద పనిచేసిన కుర్రాళ్ళెవరూ పన్నెండు మెట్లు ఒక్క ఊపులో ఎక్కలేదు.

ఇప్పుడు రెండో కాగితం చూడు. ఎక్కించిన ప్రతి పాటకీ పేరు పెట్టి, అన్నిటినీ ఒకే సంచిలో ఉంచాలి. అప్పుడు పాటలు పెట్టుకోవడానికి "ఏదో ఒకటి" అన్న మీట పనిచేస్తుంది. అది నొక్కితే పెట్టె తనకి తోచిన పాట తీసి వేస్తుంది. ఏం వస్తుందో నీకూ తెలియదు. నాణెం వెయ్యని జూక్‌బాక్స్.

ఒక జాగ్రత్త. బూజు పట్టిన రికార్డులు అప్పుడే పారెయ్యకు. ఎక్కినవన్నీ పెన్ డ్రైవ్‌లో పెట్టి నాకు పంపు. నేను చెవులకి గట్టి ఫోన్లు పెట్టుకుని విని, బాగున్నాయంటే అప్పుడు పారేద్దువు గాని. ఎక్స్ఛేంజీలో మా నియమం అదే. లైను వేసినవాడు లైను బాగుందని చెప్పకూడదు, అవతలి చివర ఉన్నవాడు చెప్పాలి.

తలుపు సందు సంగతి రాశావు. ఆయన చలికాలం ఆయన ఇష్టం.

ఆర్వో


కాల్యుమెట్
మార్చి 25

ఆర్వో,

పెన్ డ్రైవ్ ఇందులో ఉంది. ముప్ఫై ఎనిమిది ఎక్కాయి. నేను ప్రతిదీ ఒక నిమిషం విన్నాను. కాస్త దూరంగా, గదిలో ఎక్కడో వాయిస్తున్నట్టు ఉన్నాయి. పాత రికార్డులు కదా, వాటికీ వయసైంది అనుకున్నాను.

ఒక పొరపాటు జరిగింది, తిట్టకు. పోయిన బుధవారం మా పెళ్ళి టేపు తీసి గట్టు మీద పెట్టుకున్నాను. అదే పెట్టి వెళ్ళాననే అనుకున్నాను. తిరిగొచ్చి చూస్తే రికార్డర్లో ఉన్నది నువ్వు వద్దన్న యుహన్నుస్ పండుగ టేపు. రెండూ ఒకే రంగు అట్టలు. కళ్ళజోడు మార్పించాలి. నేను వినలేదు, నాకు వినే ధైర్యం లేదు. చివర ఉంటుంది, నీకిష్టం లేకపోతే తుడిచెయ్యి.

ఆ సాయంత్రం మీ బావ నేను చేసిన మాంసం కూరిన పాస్టీలు రెండు మారుమాట్లాడకుండా తిని, గిన్నెలు కడిగాడు. గిన్నెలు! జ్వరమేమో అని నుదురు పట్టుకుని చూశాను.

వెర్నా


డులూత్
ఏప్రిల్ 8

అక్కా,

నీ ముప్ఫై ఎనిమిదీ విన్నాను. రెండు సంగతులున్నాయి. నవ్వొచ్చేది ముందు చెప్తాను.

ఇందులో ఒక్కటి కూడా వైరులోంచి రాలేదు. అన్నీ ఆ కెమెరా విన్నవి! ఆ కెమెరాకి కూడా ఒక మైకు ఉంటుంది. దాన్ని తగిలించేసరికి లినక్స్ దానికి సున్నా నంబరు ఇచ్చింది, నీలం చిల్లు ఒకటో నంబరుకి జరిగింది. సున్నా వెయ్యమన్నది నేనే. కెమెరా తగిలించానని నువ్వు రాసినా పట్టించుకోనిదీ నేనే. స్పీకర్లు పాడుతుంటే మైకు వింటోంది, గీతలు ఆడుతున్నాయి, నువ్వు మురిసిపోతున్నావు. నలభై ఏళ్ళు లైన్లు చూసినవాణ్ణి, ఏ లైనో చూసుకోలేదు. తప్పు నాది.

కాబట్టి ఇక్కడ నాకు ముప్ఫై ఎనిమిది పాటలతో పాటు నీ వంటిల్లు మొత్తం వచ్చింది. నాన్న పోల్కాలో కాఫీ గిన్నె ఈల వేస్తోంది. మంచు తోసే బండి ఇంటి ముందు నుంచి వెళ్ళింది, అది కూడా తాళం తప్పలేదు. పిండి పిసుకుతూ నువ్వు, "ఇద్దరూ ఇద్దరే, ఎడ్డెమంటే తెడ్డెం, మీ ఇద్దర్నీ ఒకే సౌనా ఆవిరిగదిలో పెట్టి తాళం వెయ్యాలి," అని పిండితో చెప్పుకోవడం కూడా విన్నాను. పిండి ఒప్పుకుందా?

ఇప్పుడు రెండోది. ఆ బుధవారం టేపు తుడిచేద్దామనే తెరిచాను. తెరిచాక ఆపలేకపోయాను. ఏం విన్నానో విన్నట్టు రాస్తున్నాను.

నువ్వు తలుపు వేసుకుని వెళ్ళావు. ఏవో మీటలు టకటకలాడాయి, ఆపైన టేపులోంచి హాలు గోల, జనం చప్పట్లు. నాన్న వాల్ట్జ్ మొదలైంది. నీ వంటింట్లో కుర్చీ జరిపిన చప్పుడు. తర్వాత ఎవరో చెంచాతో బల్ల మీద తాళం వేస్తున్నారు. పాట ఆగిన చోటికి రాగానే టేపు వెనక్కి తిప్పారు. మళ్ళీ మొదటి నుంచి, మళ్ళీ చెంచా. మూడుసార్లు. మూడోసారి చెంచా కిందపెట్టి బావ మాట్లాడాడు, గొంతు దగ్గరగా వచ్చింది.

"వాడు పరిగెత్తలేదు. వాడు సరిగ్గానే ఉన్నాడు. నేనే వెనకబడ్డాను, వేళ్ళు లేవలేదు. ఊరందరి ముందు నా వేళ్ళు చచ్చాయని చెప్పుకోలేక వాడి మీద పెట్టాను. తప్పు నాది. ఆ మాట వాడితో అనాల్సింది."

అంతే. తర్వాత గిన్నెలు కడిగిన చప్పుడు.

అక్కా, ఎదుటి మనిషి తనలో తాను అనుకున్న మాట నేను దొంగచాటుగా విన్నాను. విననట్టు ఉండలేకపోతున్నాను. తొమ్మిదేళ్ళు ఈ మాట కోసమే కాచుకున్నాను. విన్నాక ఎగిరి గంతేస్తాననుకునేవాణ్ణి. చెవుల్లోంచి ఫోన్లు తీసి చాలాసేపు ఏడ్చాను.

వేళ్ళకేమైంది?

ఆర్వో


కాల్యుమెట్
ఏప్రిల్ 17

తమ్ముడూ,

నీ ఉత్తరం చర్చి మెట్ల మీద కూర్చుని చదివాను. లోపల బొంతలు కుడుతున్న వాళ్ళంతా వెర్నా రాలేదేమని అనుకుంటున్నా లేవలేకపోయాను.

చెప్తాను. ఆ పండుగకి ఒక సంవత్సరం ముందే కుడిచేతి ఉంగరం వేలు, చిటికెన వేలు బిగుసుకోవడం మొదలైంది. కీళ్ళ జబ్బు, వెనక్కి రాదన్నారు. ఎవరికీ చెప్పనని నాతో బైబిల్ మీద ఒట్టు వేయించుకున్నాడు, నీకు అసలే చెప్పకూడదని. ఆ రోజు వాల్ట్జ్ మధ్యలో ఆ రెండు వేళ్ళూ అలాగే నిలబడిపోయాయి. నేను ముందు వరసలోనే ఉన్నాను, చూశాను. ఆయన నీ మీద ఆ మాట వేస్తుంటే విన్నాను. నువ్వు ఊరు వదిలిపోతుంటే కూడా నోరు విప్పలేదు. నా నోట్లో నువ్వుగింజ నానదంటావు కదరా. తొమ్మిదేళ్ళు ఈ గింజ నానబెట్టాను. నన్ను తిట్టు, నీకా హక్కు ఉంది.

కానీ ఒక్కటి వినుకో. నువ్వు ఫోన్ చేసి "బావా, నీ మాట విన్నాను" అన్నావంటే ఆయన సిగ్గుతో చచ్చిపోతాడు. ఇంకో తొమ్మిదేళ్ళు మూసుకుంటాడు. మన ముగ్గురి దగ్గరా అన్ని తొమ్మిదేళ్ళు లేవు. ఆయనకి డెబ్భై నాలుగు. విన్నావని తెలియకుండా, విన్నవాడిలా చెయ్యాలి. ఎలాగో నాకు తెలియడం లేదు. వైర్లవాడివి నువ్వే, దారి చూడు.

నీ దగ్గరున్న వంటింటి పాటలు తుడవకు. రికార్డులన్నీ నీలం చిల్లులోంచి మళ్ళీ ఎక్కిస్తాను, అవి కూడా ఉంటాయి, ఇవీ ఉంటాయి.

వెర్నా


డులూత్
మే 10

అక్కా,

నిన్ను తిట్టడానికి కలం పట్టుకున్నాను గాని ముందు నా అబద్ధం ఒకటి తేల్చుకోవాలి. శనివారాలు నలుగురితో వాయిస్తున్నానని రాశాను. ఏ నలుగురూ లేరు. ఇక్కడికి వచ్చాక ఫిడేలు పెట్టె తెరవనేలేదు. ఎవరితో వాయించను? ఆ వాల్ట్జ్‌లో నా ఎడమపక్క బావ గాలి పీల్చే చప్పుడు వినబడకపోతే నాకు తర్వాతి వరస గుర్తురాదు.

పోయిన నెల తెరిచాను. రెండు తీగలు తెగి ఉన్నాయి, కమాను వెంట్రుకల్ని పురుగు తినేసింది. బాగు చేయించి, మూడు వారాలు సాధన చేశాను. పై వాటాలో ఉండే ఆవిడ మొదటి వారం నేల మీద కర్రతో కొట్టింది, మూడో వారం కాఫీ రొట్టె ఇచ్చి వెళ్ళింది. బాగుపడ్డాననుకుంటున్నాను.

ఇందులో ఉన్న పెన్ డ్రైవ్‌లో ఒకే పాట ఉంది. నాన్న వాల్ట్జ్, నా ఫిడేలు మాత్రమే. నాన్న నడకలో కాదు. బావ చెంచా వేసిన నడకలో. బుధవారం టేపు పక్కన పెట్టుకుని ఆ చెంచా దెబ్బలు లెక్కపెట్టి, సరిగ్గా అంత నెమ్మదిగా వాయించాను. అకార్డియన్ రావలసిన చోటల్లా ఖాళీ వదిలేశాను. నెమ్మదిగా వాయిస్తే ఆ పాట ఎంత బాగుంటుందో నాకిప్పటిదాకా తెలియదక్కా.

దీన్ని మిగతా పాటల సంచిలో కలిపెయ్యి. పేరు పెట్టకు. రోజూ కాఫీ వేళకి "ఏదో ఒకటి" మీట నొక్కు. వచ్చిన రోజు వస్తుంది. నువ్వు మాత్రం కళ్ళు పెద్దవి చేసి ఆయన వంక చూస్తూ కూర్చోకు.

ఆర్వో


కాల్యుమెట్
మే 29

ఆర్వో,

వచ్చింది, నిన్న.

తొమ్మిది రోజులు ఎదురుచూశాను. కాఫీ వేళ అవగానే మీట నొక్కడం, పోల్కా రావడం. సున్నా బదులు ఒకటో నంబరు వేసి ఎక్కించాక పాటలు ఎంత శుభ్రంగా వస్తున్నాయో! అయినా ఒక్క పాటా నా బుర్రకెక్కలేదు. నిన్న మూడో పాటగా నీ ఫిడేలు లేచింది. నేను రొట్టె కోస్తున్నాను. వేలు కోసుకోకుండా బయటపడ్డాను.

మీ బావ కప్పు కిందపెట్టాడు. పాట అయిపోయేదాకా కదల్లేదు. ఖాళీ వచ్చిన చోటల్లా బల్ల మీద ఎడమచేతి వేళ్ళు ఆడాయి. ఎడమచేతివి.

అయిపోయాక, "ఇదెవరు?" అన్నాడు.

"పెట్టెనడుగు," అన్నాను.

"సగం పాటే ఉంది."

"పాత టేపేమో, సగం అరిగిపోయి ఉంటుంది."

కాఫీ పట్టుకుని గరాజ్‌లోకి వెళ్ళిపోయాడు. అంతేరా. నిన్నటి నుంచి దాని మాటే ఎత్తలేదు. మంచు కరిగింది, పడవకి రంగు వెయ్యాలట, ఆ మాటలే. నాకు ఏడుపొచ్చింది. ఈ వయసులో మనుషులు మారతారనుకోవడం నాదే పిచ్చి. నువ్వు మాత్రం ఆ ఫిడేలు మళ్ళీ పెట్టెలో పెట్టకు, నా మీద ఒట్టు.

ఒక చిన్న విషయం. పొద్దున మంచం కింద ఊడుస్తుంటే దుమ్ములో వెడల్పాటి చారిక కనబడింది. ఎవరో ఏదో బరువైనది లాగినట్టు. ఎలుకలైతే అంత చారిక పడదు.

వెర్నా


కాల్యుమెట్
జూన్ 11

ఆర్వో,

నేను రూడీని. ఉత్తరాలు రాయడం నాకు చేతకాదు, మీ అక్కకి రాసిన ప్రేమలేఖలు కూడా రెండే, అందులో ఒకటి వాతావరణం గురించి. అయినా రాస్తున్నాను.

ముందుగా ఆ ఏలకుల డబ్బా సంగతి. ఫిబ్రవరిలో మీ అక్క కీబోర్డు పక్కన ఒక కాగితం మర్చిపోయింది. అందులో సున్నాకి అడ్డగీత ఉంది. సున్నాకి అడ్డగీత గీసేవాడు నాకు తెలిసి ఈ భూమ్మీద ఒకడే. మిగతా కాగితాలు ఎక్కడుంటాయో వెతకడానికి పావుగంట పట్టింది. రొట్టె చేసేది ఆవిడే, నిజమే. కాఫీలో ఏలకులు వేసుకునేది నేను. ఈ సంగతి యాభై ఏళ్ళుగా ఆవిడ గమనించలేదు. మీ ఉత్తరాలన్నీ చదివాను. నేను పట్టిన కుందేలు సంగతి కూడా చదివాను.

రెండోది. మార్చిలో ఒక రోజు మీ అక్క రికార్డు వెయ్యడానికి పెట్టెని సిద్ధం చేసి పైకి వెళ్ళింది. పాట ఇంకా మొదలవలేదు. నేను తుమ్మాను. ఆకుపచ్చ గీతలు ఎగిరి పడ్డాయి. మళ్ళీ తుమ్మినట్టు నటించాను, మళ్ళీ ఎగిరాయి. ఈ బాతు వైరుని కాదు, నన్ను వింటోందని అప్పుడే తెలిసింది. మీ అక్కకి చెప్పలేదు. అది నీకు వెళ్తుందని నీ ఉత్తరం చదివి తెలుసుకున్నాను, అవతలి చివర ఉన్నవాడు వింటాడని రాశావు కదా. ఆ బుధవారం ఆవిడ పెట్టిన పెళ్ళి టేపు తీసి, ఆ టేపు పెట్టింది నేనే. ఆవిడకి కళ్ళజోడు బాగానే ఉంది.

కాబట్టి నువ్వు దొంగచాటుగా ఏమీ వినలేదు. ఆ మాట నీతోనే అన్నాను. నీ మొహం చూసి చెప్పడానికి తొమ్మిదేళ్ళలో రెండుసార్లు డులూత్ దాకా వచ్చాను, మీ వీధిలో బండి ఆపాను, వెనక్కి తిప్పుకున్నాను. మనిషికి చెప్పలేకపోయాను. పెట్టెకి చెప్పాను.

నువ్వు ఏం చేస్తావోనని నేను కూడా ఆ తొమ్మిది రోజులూ ఎదురుచూశాను, మీ అక్క కంటే ఎక్కువ. "ఇదెవరు" అని అడగడం కొంచెం నటనే. ఆ తర్వాత గరాజ్‌లో ఏడ్చింది నటన కాదు.

ఇందులో పెన్ డ్రైవ్ ఉంది. నిన్న ఆవిడ బొంతలకి వెళ్ళాక ఆ పన్నెండు మెట్లూ చూసుకుని, సున్నా వేసి, కెమెరా ముందు కూర్చుని వాయించాను. కుడిచేతికి మూడు వేళ్ళే పనిచేస్తాయి. ఎడమచేయి బాగానే ఉంది. నువ్వు వదిలిన ఖాళీల్లో రెండు చోట్ల నేను పట్టలేకపోయాను, అక్కడ కాలితో తాళం వేశాను. మీ నాన్న ఉంటే ఒప్పుకునేవాడు కాదు.

యుహన్నుస్ పండుగ శనివారం వచ్చింది. మధ్యాహ్నం సౌనా కాగబెడతాను. ఆవిరిలో ఒంటికి తట్టుకునే బర్చి రెమ్మలు కోసి ఉంచాను, నీకొక కట్ట, నాకొక కట్ట. సాయంత్రం హాల్లో జనం ఉంటారు. వాయిద్దాం. మొదలుపెట్టే ముందు ఆ మైకులో నేనొక మాట చెప్పాలి, అప్పుడు అన్నది అదే మైకులో కాబట్టి. ఈసారి పెట్టె అడ్డం లేకుండా చెప్తాను.

దారిలో జింకలు తిరుగుతున్నాయి, బండి నెమ్మదిగా నడుపు. పాటలో నేను వెనకబడితే ఆగు.

నీ బావ
రూడీ

(కవరు వెనక, వేరే చేతిరాతలో)

ఒరేయ్, ఈ ఉత్తరం పోస్టు చెయ్యమని నా చేతికిచ్చాడు. బైబిల్ మీద ఒట్టు, నేను చదవలేదు. అయినా చూడరా, టేపు మార్చింది తనే అయ్యుండి, నన్ను కళ్ళజోడు దుకాణానికి తీసుకెళ్ళి కొత్త అద్దాలు కొనిచ్చాడు!